మెలటోనిన్ కణపొరలో ఎక్కడ ఉంటుంది? ముందు ఎంత ఉందో చెప్పండి

రాత్రిపూట మెదడులోని పీనియల్ గ్రంథి వదిలే హార్మోన్ మెలటోనిన్. అది కణత్వచంలో ఎక్కడ ఉంటుందని అడిగితే ముగ్గురు నిపుణులు మూడు జవాబులు చెబుతారు. పొరను కట్టే లిపిడ్ అనే కొవ్వు అణువుల నీటి వైపు తలల దగ్గర అంటారు ఒకరు. వాటి కొవ్వు తోకల పక్కన నిలువుగా అంటారు ఇంకొకరు. పొరకు సమాంతరంగా పడుకుని ఉంటుందంటారు మూడోవారు. చిత్రమేమిటంటే ముగ్గురి చేతిలోనూ నికార్సయిన కొలతలే ఉన్నాయి. తేడా అల్లా ఎవరు ఎంత మెలటోనిన్ కలిపారన్న దగ్గరే వస్తుంది. ఆ అంకె చెప్పకుండా స్థానం గురించి మాట్లాడటం, వాన ఎంత పడిందో చెప్పకుండా చెరువు లోతు చెప్పినట్టే.

ముందు అణువు సంగతి. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం పశువుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరు చేసింది. అణుభారం 232. మధ్యలో బల్లపరుపుగా, బిరుసుగా ఉండే ఇండోల్ వలయం. దాని ఐదో స్థానంలో మిథాక్సీ గుంపు. మూడో స్థానం నుంచి రెండు కార్బన్ల చిన్న తోక, ఆ తోక చివర ఎసిటైల్ తొడుక్కున్న అమైన్. ఈ ఎసిటైల్ చేసే పని పెద్దది. సెరటోనిన్‌లో ఇదే అమైన్ శరీర పీహెచ్ దగ్గర ధనావేశంతో ఉంటుంది, అందుకే అది లిపిడ్ తలలోని రుణావేశపు ఫాస్ఫేట్‌ను విడిచి లోపలికి పోవడానికి ఇష్టపడదు. మెలటోనిన్‌కు ఆవేశం లేదు. నీళ్లలోనూ కొంత ఉండగలదు, కొవ్వులోనూ కొంత ఉండగలదు. కొవ్వుకు బదులుగా వాడే ఆక్టనాల్ అనే ద్రవానికి, నీటికి మధ్య పంచితే కొన్ని పదుల రెట్లు ఆక్టనాల్ వైపు మొగ్గుతుంది, అంతే. కొలెస్ట్రాల్‌లాగా పొరను వదలని జిడ్డు అణువు కాదిది. ఈ విషయం గుర్తుంచుకోండి, కిందకి వెళ్లేకొద్దీ పదేపదే అవసరపడుతుంది.

కణపొరను పాఠ్యపుస్తకాల్లో తలలు, తోకలు అని రెండు గీతలుగా వేస్తారు. నిజానికి అది కొలతల్లో అలా కనిపించదు. డీఓపీసీ అనే లిపిడ్‌తో కట్టిన పొరను తీసుకుంటే, ఇటు ఫాస్ఫేట్ నుంచి అటు ఫాస్ఫేట్ దాకా సుమారు 3.7 నానోమీటర్లు. అందులో నడుమ 2.7 నానోమీటర్ల దాకా హైడ్రోకార్బన్ గర్భం. దానికి పైనా కిందా గ్లిజరాల్, కార్బొనిల్, ఫాస్ఫేట్, కోలిన్, నీళ్లు కలగాపులగంగా ఉండే పట్టీలు. శాస్త్రవేత్తలు వీనర్, వైట్ 1992లో ఎక్స్‌రే, న్యూట్రాన్ కొలతలు జోడించి చూపించిందేమిటంటే, ఈ ఒక్కో పట్టీ మందం దాదాపు 1.5 నానోమీటర్లు. అంటే రెండు పట్టీలు కలిపితే గర్భమంత ఉన్నాయి. మెలటోనిన్ పొడవు ఒక నానోమీటర్ పైచిలుకు. అణువు మొత్తం ఆ పట్టీలోనే ఒదిగిపోగలదు. నీటి డైఎలెక్ట్రిక్ విలువ (ఆవేశాల మధ్య బలాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 80 దగ్గర, గర్భానిది 2 దగ్గర. ఈ పట్టీలో ఒక చివర నుంచి ఇంకో చివరకు అదంతా జారిపోతుంది. సగం ధ్రువ స్వభావం, సగం కొవ్వు స్వభావం ఉన్న అణువుకు ఇంతకంటే అనువైన చోటు పొరలో ఇంకొకటి లేదు.

ఇండోల్‌కు ఈ పట్టీ మీద ఉన్న మోజు కొత్తగా తెలిసింది కాదు. విమ్లీ, వైట్ 1996లో ఇచ్చిన కొలమానంలో, పట్టీలోకి రావడానికి అందరికంటే ఎక్కువ మొగ్గు చూపే అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్: మోల్‌కు 1.85 కిలోకేలరీలు. గది ఉష్ణోగ్రత దగ్గర లెక్క వేస్తే నీళ్లలో కంటే 20 రెట్లు ఇక్కడే ఇష్టం. ఇండోల్‌లోని నత్రజని మీది హైడ్రోజన్, కార్బొనిల్‌తో హైడ్రోజన్ బంధం వేసుకోవడమే దీనికి కారణమని చాలామంది రాసేస్తారు. 1998లో అదే బృందం ఆ హైడ్రోజన్ స్థానంలో మిథైల్ పెట్టిన ఇండోల్‌ను కూడా పరీక్షించింది. బంధం వేసుకునే అవకాశం పోయినా అది పట్టీని వదల్లేదు. బల్లపరుపు బిరుసు వలయాన్ని గర్భంలోకి తోస్తే తోకల కదలికకు అడ్డుపడుతుంది. వలయం మీది ఎలక్ట్రాన్ మబ్బుకు పట్టీలోని ఆవేశాలతో పొత్తు కుదురుతుంది. హైడ్రోజన్ బంధం తోడ్పడే మాట నిజమే, కథ అంతా అది మాత్రం కాదు. మెలటోనిన్‌కు అదనంగా తోకలోని ఎమైడ్ ఉంది కాబట్టి పట్టు ఇంకాస్త బిగుస్తుంది.

ఇక ఆ మూడు జవాబుల దగ్గరికి వద్దాం. 2005లో డీపీపీసీ అనే ఇంకో లిపిడ్ పొరల మీద 1 నుంచి 30 మోల్ శాతం (మొత్తం అణువుల్లో మెలటోనిన్ వాటా) దాకా మెలటోనిన్ కలిపి పరారుణ వర్ణపటం, ఉష్ణ కొలతలు తీసిన పనిలో కార్బొనిల్, ఫాస్ఫేట్ రేఖలు రెండూ తక్కువ పౌనఃపున్యం వైపు జరిగాయి. గట్టి హైడ్రోజన్ బంధాలు పడ్డాయనడానికి అది గుర్తు. కాబట్టి చోటు పట్టీలోనే. అందులోనే 24, 30 శాతం దగ్గర ఉష్ణ రేఖలో ఒకటికి మించి శిఖరాలు వచ్చాయి, అంటే పొర ముక్కలుగా విడిపోతోంది. 2013లో న్యూట్రాన్లతో చేసిన పనిలో మెలటోనిన్ డీఓపీసీ, డీపీపీసీ రెండింటినీ పలుచన చేసింది, తోకలను చెదరగొట్టింది. 2015లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు డీఎంపీసీ అనే లిపిడ్ పొరల్లో 0.5 నుంచి 30 శాతం దాకా ఎక్స్‌రేతో చూశారు. తక్కువ మోతాదులో మెలటోనిన్ గుంపులు గుంపులుగా చేరి, పొర కంటే బాగా పలచగా ఉండే మచ్చలు ఏర్పడ్డాయి. ఆ మచ్చల్లో అణువులు తోకలకు సమాంతరంగా నిలబడ్డాయి. 30 శాతానికి వచ్చేసరికి పొర అంతటా ఒకే క్రమం: రెండు లిపిడ్లకు ఒక మెలటోనిన్, అణువులు పొరకు సమాంతరంగా పడుకుని ఉన్నాయి. అదే అణువు, అదే పొర. మారింది మోతాదు ఒక్కటే.

ఇలాంటి కొలతను ఎవరైనా మళ్లీ చేయబోతే, తప్పు జరిగేది యంత్రం దగ్గర కాదు, సీసాల దగ్గర. మోల్ శాతం అంటే మెలటోనిన్ మోల్స్‌ను మొత్తం మోల్స్‌తో భాగించాలి, లిపిడ్‌తో కాదు. 10 మిల్లీగ్రాముల డీఎంపీసీ అంటే 14.75 మైక్రోమోల్స్. దానికి 30 శాతం కావాలంటే 1.47 మిల్లీగ్రాముల మెలటోనిన్ పడుతుంది. 10 శాతానికి 0.38, 1 శాతానికి 0.035 మాత్రమే. ఆ ఆఖరిది మామూలు త్రాసు మీద తూచేది కాదు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున క్లోరోఫామ్‌లో ద్రావణం చేసుకుని 35 మైక్రోలీటర్లు తీసుకోవాలి, అదీ గాజు సిరంజితో. క్లోరోఫామ్ పిపెట్ల ప్లాస్టిక్ మొనల్లోంచి ప్లాస్టిసైజర్లను లాక్కొస్తుంది, వాటికీ పొరలోకి దూరే బుద్ధి ఉంది. మెలటోనిన్ వెలుతురుకు, ఆక్సిజన్‌కు చెడుతుంది. వలయం విచ్చుకుని కైనురమైన్ రకం పదార్థం పుడుతుంది, అది పొరలో ఇంకో చోట ఉంటుంది. కాబట్టి ముదురు రంగు సీసా, పైన నత్రజని లేదా ఆర్గాన్, మైనస్ 20 డిగ్రీలు. ద్రావణం పసుపు తిరిగితే మొహమాటం లేకుండా పారబోయండి.

లిపిడ్, మెలటోనిన్ మిశ్రమాన్ని క్లోరోఫామ్, ట్రైఫ్లోరోఇథనాల్ సమపాళ్లలో కలిపిన ద్రావకంలో కరిగిస్తే సిలికాన్ పలక మీద సమంగా పరుచుకుంటుంది. క్లోరోఫామ్ ఒక్కటే అయితే అంచులకు పారిపోయి కాఫీ మరకలాంటి వలయం మిగులుతుంది. పలక 2 సెంటీమీటర్లకు 2 సెంటీమీటర్లు అనుకుంటే, 1 మిల్లీగ్రాము డీఎంపీసీతో ఒకదాని మీద ఒకటిగా సుమారు 650 పొరలు వస్తాయి. లెక్క తేలికే: అణువుకు 0.6 చదరపు నానోమీటర్లు, రెండు వైపులా కాబట్టి సగం. ద్రావకం పోయేదాకా ఒక రోజు వాక్యూమ్, ఆ తర్వాత పొరలకు తేమ పట్టడానికి పొటాషియం సల్ఫేట్ సంతృప్త ద్రావణం పెట్టిన మూసిన పెట్టెలో ఒకటి రెండు రోజులు. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ ఉప్పు ఇచ్చే తేమ 97 శాతం.

అసలు మోసం ఇక్కడ జరుగుతుంది. పలక పెట్టె కంటే ఒక్క డిగ్రీ వెచ్చగా ఉన్నా, దాని దగ్గరి తేమ 97 నుంచి 91కి పడిపోతుంది, ఎందుకంటే నీటి సంతృప్త ఆవిరి పీడనం డిగ్రీకి దాదాపు 6 శాతం పెరుగుతుంది. తేమ తగ్గితే పొరల మధ్య నీళ్లు తగ్గుతాయి, ఒక పొర నుంచి పక్క పొరకు ఉన్న దూరం తగ్గుతుంది. ఆ దూరాన్నే పొర మందం అనుకుని 'మెలటోనిన్ పొరను పలుచన చేసింది' అని రాసేయవచ్చు. పొర నుంచి పొరకు ఉండే ఆ పునరావృత దూరంలో పొరా ఉంటుంది, నీళ్లూ ఉంటాయి. ఎలక్ట్రాన్ సాంద్రత రేఖ గీసి, రెండు తలల శిఖరాల మధ్య దూరం విడిగా చెప్పని పలుచన వార్తను నేనైతే నమ్మను.

రెండో మోసం ఉష్ణోగ్రత. డీఎంపీసీ 24 డిగ్రీల దగ్గర గడ్డ దశ నుంచి ద్రవ దశకు మారుతుంది. మెలటోనిన్ లిపిడ్ల ఈ మార్పు బిందువును కిందికి లాగుతుంది. 23 డిగ్రీల దగ్గర రెండు నమూనాలను పోల్చితే ఒకటి గడ్డ, ఇంకొకటి ద్రవం. కనిపించేది మెలటోనిన్ స్థానం తెచ్చిన తేడా కాదు, దశల తేడా. 30 డిగ్రీల పైన కొలవండి, లేదా మైనస్ 17 దగ్గరే కరిగే డీఓపీసీ వాడండి. మూడోది, మోతాదు పెంచేకొద్దీ మెలటోనిన్ పొరలో ఇమడక విడిగా స్ఫటికమవ్వవచ్చు. పొర మీద స్ఫటిక ముక్కలు ఒక దిక్కంటూ లేకుండా పడి ఉంటాయి కాబట్టి ఎక్స్‌రే చిత్రంలో పదునైన పూర్తి వలయాలు ఇస్తాయి. పొరలోని క్రమం మాత్రం ఒక దిక్కునే చుక్కలుగా, విల్లులుగా వస్తుంది. ధ్రువణ సూక్ష్మదర్శినిలో ఒకసారి చూసినా తెలిసిపోతుంది.

ఈ కొలతల జవాబులు వేరుకావడానికి ఇంకో కారణం పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. ఎండబెట్టి తేమ పట్టించిన పొరల దొంతరలో నీళ్లు కొద్దిగానే ఉంటాయి, కలిపిన మెలటోనిన్ దాదాపు అంతా పొరలోనే చిక్కుతుంది. నీళ్లలో తేలే లిపిడ్ బుడగల్లో అలా కాదు. 1 మిల్లీమోలార్ లిపిడ్ అంటే మొత్తం ఘనపరిమాణంలో లిపిడ్ వెయ్యో వంతు కూడా కాదు. పంపిణీ గుణకం (పొరలో గాఢత నీళ్లలో కంటే ఎన్ని రెట్లో చెప్పే అంకె) 40 అనుకున్నా కలిపిన దానిలో 3 శాతమే పొరలోకి వెళుతుంది, మిగతా 97 నీళ్లలో ఈదుతూ ఉంటుంది. సీసా మీద '10 మోల్ శాతం' అని రాసి ఉన్నా పొర చూసేది 0.3. బుడగలతో పని చేసేవాళ్లు లిపిడ్ గాఢత పెంచడమో, బుడగలను వేరుచేసి నీళ్లలో మిగిలిన మెలటోనిన్‌ను కొలవడమో తప్పక చేయాలి.

ఎక్స్‌రే ఎలక్ట్రాన్లను చూస్తుంది. మెలటోనిన్‌లో 124 ఎలక్ట్రాన్లు. సాంద్రత ఘన ఆంగ్‌స్ట్రామ్‌కు 0.4 దగ్గర. నీటిది 0.33, తోకలది 0.3 దగ్గర, తలలది 0.4 పైన. అంటే మెలటోనిన్ తలల చెంత చేరితే పరిసరాల్లో కలిసిపోయి కనపడదు, తోకల మధ్యకు పోతే బాగా కనిపిస్తుంది. కొలత విధానమే లోపలి అణువుల వైపు పక్షపాతం చూపిస్తుందన్నమాట. న్యూట్రాన్‌కు ఈ జబ్బు తక్కువ. న్యూట్రాన్లను ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే అంకె (చెదరగొట్టే దైర్ఘ్యం) హైడ్రోజన్‌కు మైనస్ 3.74 ఫెమ్టోమీటర్లు, దాని బరువైన రూపమైన డ్యుటీరియానికి ప్లస్ 6.67. డ్యుటీరియం పెట్టిన మెలటోనిన్‌తో ఒకసారి, మామూలుదానితో ఒకసారి కొలిచి తీసివేస్తే మిగిలేది మెలటోనిన్ ఒక్కటే. నీళ్లలో 8 శాతం భారజలం కలిపితే నీరు న్యూట్రాన్లకు దాదాపు కనపడకుండా పోతుంది, అది ఇంకా శుభ్రం. ఎన్‌ఎంఆర్‌ (అణు అయస్కాంత అనునాదం)లో అయితే ఇండోల్ వలయంలోని ఎలక్ట్రాన్ ప్రవాహం తన పక్కనున్న లిపిడ్ ప్రోటాన్ల సంకేతాన్ని జరుపుతుంది. ఏ ప్రోటాన్ ఎక్కువ జరిగిందో చూస్తే వలయం ఎవరి పక్కన ఎక్కువసేపు గడిపిందో తెలుస్తుంది. ఇక్కడ 'ఎక్కువసేపు' అన్న మాట ముఖ్యం. ద్రవ పొరలో అణువుకు సీటు నంబరు ఉండదు. అది పైకీ కిందకీ ఊగుతుంది, తిరుగుతుంది, బోర్లా పడుతుంది. కాగితం మీద వచ్చే లోతు ఆ కదలికల సగటు, దాని చుట్టూ అర నానోమీటరు వెడల్పు మామూలే.

కంప్యూటర్ అనుకరణలు ఈ ఊగిసలాటను చూపించగలవు, అయితే వాటినీ గుడ్డిగా నమ్మకూడదు. 128 లిపిడ్ల పెట్టెలో ఒక్క మెలటోనిన్ పెట్టినా అది 0.8 మోల్ శాతం. లోతును బట్టి శక్తి రేఖ గీయాలంటే పొర నడుమ నుంచి నీళ్ల దాకా 0.1 నానోమీటరుకు ఒక కిటికీ చొప్పున అణువును పట్టి ఉంచి లెక్కిస్తారు. చిక్కేమిటంటే ఒక్కో కిటికీలో లోతు త్వరగానే స్థిరపడుతుంది, అణువు తలకిందులవడానికి మాత్రం చాలా సమయం పడుతుంది. బయటి నుంచి లోపలికి లాగిన రేఖ, లోపలి నుంచి బయటికి లాగిన రేఖ ఒకటి కాకపోతే ఇంకా నడపాలి. రెండు వైపుల రేఖలను సగటు చేసి నున్నగా చూపించే ముందు విడివిడిగా గీయాలి. వాటి మధ్య తేడాయే నిజమైన దోషం. అణువు బంధాల బలాలను దానంతటదే అంచనా వేసి ఇచ్చే సీజెన్‌ఎఫ్‌ఎఫ్ అనే సాధనం, ఆ అంచనా ఎంత నమ్మలేనిదో చెప్పే పెనాల్టీ అంకె కూడా ఇస్తుంది. మెలటోనిన్‌కు అది 10 లోపు ఉంటే సరే, 50 దాటితే ఆ వంపు కోణాలను క్వాంటమ్ లెక్కలతో సరిచూడకుండా ముందుకు పోవద్దు.

పట్టీలో ఉండే అణువు పొరను ఎందుకు పలుచన చేస్తుంది? మెలటోనిన్ పొట్టిది. తలల మధ్య చోటు ఆక్రమిస్తుంది, దాని కింద మాత్రం ఖాళీ మిగులుతుంది. పొర ఖాళీని సహించదు, చుట్టూ ఉన్న తోకలు వంగి ఆ గుంతను నింపుతాయి. వంగిన తోక పొడవు తగ్గుతుంది, పొర పలచబడుతుంది. కొలెస్ట్రాల్ హైడ్రాక్సిల్ కూడా కార్బొనిల్ దగ్గరే ఆగుతుంది, కానీ దాని బిరుసు వలయాల దిమ్మ నిటారుగా గర్భంలోకి దిగి పక్క తోకలను నిలబెడుతుంది. తల పెట్టిన చోటు ఒకటే, కిందున్న ఒళ్లు వేరు, అందుకే ఫలితం తలకిందులు. అల్జీమర్స్‌తో ముడిపడిన అమైలాయిడ్ పెప్టైడ్ పొరను పట్టుకునే తీరులో కొలెస్ట్రాల్, మెలటోనిన్ ఎదురెదురుగా పని చేస్తాయన్న పరిశీలనలకు భౌతికమైన ఆధారం ఇదే కావచ్చు.

మెలటోనిన్ పొరను ఆక్సీకరణ నుంచి కాపాడుతుందన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. లిపిడ్ తోకలో ద్విబంధాలు గర్భంలో ఉంటాయి. మెలటోనిన్ పైన పట్టీలో. మరి అందేదెలా? ఆక్సిజన్ చేరిన తోక ధ్రువ స్వభావం తెచ్చుకుని తనే పైకి తేలుతుంది. విటమిన్ ఈ వేచి ఉండేది అక్కడే: క్రోమనాల్ తల పట్టీలో, పొడవాటి తోక కిందికి. అయితే విటమిన్ ఈకి ఇచ్చేయడానికి ఫీనాలిక్ హైడ్రోజన్ ఉంది. మెలటోనిన్‌లో ఆ ఆక్సిజన్ మీద మిథైల్ కూర్చుంది. కాబట్టి లిపిడ్లు ఒకదాని వెంట ఒకటి ఆక్సీకరణ చెందే పెరాక్సిల్ గొలుసును తెంచడంలో దాన్ని విటమిన్ ఈతో సమానంగా చూపించే బొమ్మలు సరికావు. చోటు సరిపోవడం వేరు, ఆ చోట పని చేయగలగడం వేరు. హైడ్రాక్సిల్ రాడికల్ సంగతి ఇంకోటి, అది దొరికిన ప్రతిదానితోనూ కలబడుతుంది.

ఇప్పుడు మొదట అడిగిన 'ఎంత' దగ్గరికి. రాత్రి నడిజామున రక్తంలో మెలటోనిన్ మిల్లీలీటరుకు 70 పికోగ్రాములు అనుకుందాం, అంటే 0.3 నానోమోలార్. పంపిణీ గుణకం 40 వేసినా పొరలో 12 నానోమోలార్. లిపిడ్ మాత్రం పొరలో లీటరుకు 1.3 మోల్స్ చొప్పున కిక్కిరిసి ఉంటుంది. భాగిస్తే పది కోట్ల లిపిడ్లకు ఒక మెలటోనిన్. ఒక ఎర్ర రక్తకణం పొర వైశాల్యం 140 చదరపు మైక్రోమీటర్లు. అందులో పట్టే లిపిడ్లు ప్రోటీన్లను లెక్కలోంచి తీసేయకపోయినా 40 కోట్ల పైన. అంటే ఆ కణం మొత్తం మీద నాలుగు మెలటోనిన్ అణువులు. పీనియల్ పక్కనున్న మెదడు ద్రవంలో గాఢత రక్తం కంటే చాలా రెట్లు ఎక్కువని గొర్రెల మీద కొలతలు ఉన్నాయి. ఇరవై రెట్లు వేసుకోండి, ఎనభై అణువులు. 30 మోల్ శాతం పొరలో రెండు లిపిడ్లకు ఒకటి చొప్పున పరిచిన చాప ఎక్కడ, ఇది ఎక్కడ! ఆ ప్రయోగాలు వృథా అనడం లేదు. పొర భౌతికశాస్త్రం తెలియాలంటే అలాగే చేయాలి. కానీ వాటి బొమ్మను తీసుకొచ్చి రాత్రిపూట మన కణాల్లో ఇలా జరుగుతుందని చెప్పకూడదు.

మరి నాలుగు అణువులకు పొరలో చోటెక్కడైతే ఏమిటి? ఇక్కడే 2019 ఫలితం అక్కరకొస్తుంది. మెలటోనిన్‌ను పట్టుకునే కణపొర ప్రోటీన్లయిన మానవ ఎంటీ1, ఎంటీ2 గ్రాహకాల నిర్మాణాలు ఎక్స్‌రే లేజర్లతో ఆ ఏడాది బయటికొచ్చాయి. ఎంటీ1లో మెలటోనిన్ కూర్చునే గదికి బయటి ద్రవం వైపు నుంచి దారి దాదాపు మూసుకుపోయి ఉంది. తెరిచి ఉన్న సన్నటి దారి, పొరను దాటే ప్రోటీన్ మెలికల్లో (హెలిక్స్‌లలో) నాలుగో, ఐదో వాటి మధ్య నుంచి, నేరుగా పొరలోకి. అంటే మెలటోనిన్ ముందు పొరలోకి దిగి, పక్కకు జరుగుతూ వచ్చి ఆ సందులోంచి లోపలికి వెళ్లాలి. నానోమోలార్‌లో పదో వంతు గాఢతకే పట్టుకునే గ్రాహకం అది, కాబట్టి కొద్దిపాటి అణువులే చాలు. వాటిలో ప్రతి ఒక్కటీ ఏ లోతులో, ఏ ముఖం అటు తిప్పుకుని ఆ సందు ముందుకు వస్తుందన్నదే ఇప్పుడు లెక్కించాల్సిన స్థానం. 128 లిపిడ్ల పెట్టెలో ఒక్క మెలటోనిన్‌తో చేసే అనుకరణను, పక్కన గ్రాహకాన్ని పెట్టి, ఆ నాలుగు-ఐదు హెలిక్స్‌ల వైపు తిప్పి చేయాలి.